పెద్ద గేటు తాళంచెవి

సంపాదకులకు నమస్కారం.

కార్తీకమాసం దగ్గరపడుతోంది. ఊరూరా వనభోజనాల కబుర్లు మొదలయ్యాయి. మా రిటైర్డ్ టీచర్ల వాట్సాప్ గ్రూపులో కూడా "ఈసారి ఎక్కడికి?" అని మొన్న అడిగారు. అందరూ ఏదో ఒకటి రాశారు. నేను మాత్రం ఏమీ రాయలేకపోయాను. ఎందుకు రాయలేకపోయానో మీ పత్రిక ద్వారా చెప్పుకుందామని ఈ ఉత్తరం రాస్తున్నాను.

రెండేళ్ల కిందట కార్తీకంలో ఒక ఆదివారం మేమంతా మా పట్టణం శివార్లలోని అటవీ పార్కుకు వెళ్లాం. మావారు ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. ఆ తర్వాత పక్షవాతం వచ్చి ఎడమ కాలు, ఎడమ చెయ్యి స్వాధీనం తప్పాయి. ఇంట్లో కర్ర పట్టుకుని నాలుగడుగులు వేస్తారు గానీ బయటికి వస్తే చక్రాల కుర్చీ ఉండాల్సిందే. పార్కు ముందు ఆటో దిగాం. బైకులు లోపలికి రాకుండా దారిలో ఇనుప గొట్టాలు పాతారు. మనిషి పక్కకు తిరిగి దూరాలి. కుర్చీ పట్టలేదు. ఆ పక్కనే లారీ పట్టేంత పెద్ద గేటు ఉంది, దానికి తాళం. "తాళంచెవి ఆఫీసులో ఉంటుంది మేడమ్, ఆదివారం ఎవరూ రారు" అన్నాడు కాపలా అబ్బాయి. అతని తప్పేం లేదు. తను కూర్చునే స్టూలు తెచ్చి చెట్టు నీడలో నాకు వేశాడు.

మా మాస్టార్లు నలుగురు ముందుకొచ్చి, కుర్చీతో సహా ఎత్తి అవతల పెడతామన్నారు. మావారు ఒప్పుకోలేదు. "మూటలా ఎత్తొద్దయ్యా. మీరు వెళ్లండి, నేను ఇక్కడ కూర్చుని వచ్చేపోయే బళ్లు చూస్తాను" అన్నారు. ముప్పై ఏళ్లు వేలమందిని బస్సులో గమ్యం చేర్చిన మనిషి ఆయన. నేనూ ఆయన పక్కనే ఉండిపోయాను. ఉసిరిచెట్టు కింద పూజ అయ్యాక పులిహోర, గారెలు విస్తరాకులో పెట్టి గేటు దగ్గరికి తెచ్చిచ్చారు. తిన్నాం. కానీ ఆ రోజు నుంచి ఆయన పార్కు మాట ఎత్తలేదు.

లోపలికి వెళ్లినవాళ్లకు ఎదురైంది ఇంకో ఇబ్బంది. "స్త్రీలు" అని రాసిన మరుగుదొడ్డికి తాళం వేసి ఉంది. పైన ట్యాంకు పెట్టారు, నీళ్ల కనెక్షన్ ఇవ్వలేదు. మాలో పెద్దావిడ ఒకరు, డెబ్బై దాటినవారు, ఇలా ఉంటుందని ముందే తెలిసి పొద్దున్నుంచి కాఫీ కూడా తాగకుండా వచ్చారు. మధ్యాహ్నం ఎండకు కళ్లు తిరిగి కూలబడిపోయారు. మగవాళ్లు ఇది గమనించరు గానీ, మన ఆడవాళ్లు పిక్నిక్ అంటే ముందు రోజే నీళ్లు తగ్గించుకుంటారు. నేను బడిలో పనిచేసిన ముప్పై మూడేళ్లలో పిల్లల్ని విహారయాత్రలకు తీసుకెళ్లినప్పుడు ఎదిగిన ఆడపిల్లలు సీసా పక్కన పెట్టేయడం ఎన్నిసార్లు చూశానో! అక్కడ చెట్లు బాగున్నాయి, నెమళ్లు కూడా తిరుగుతున్నాయట. కానీ భోజనం అవ్వగానే ఆటలు మానేసి అందరూ ఇళ్లకు బయల్దేరారు.

కిందటేడు సెప్టెంబరులో మా అబ్బాయి దగ్గరికి ఇంగ్లండులోని లెస్టర్ వెళ్లాం. ఒక శనివారం మా కోడలు "మామయ్యగారూ, బ్రాడ్‌గేట్ పార్కుకు వెళ్దామా" అంది. ఈయన వెంటనే "నేను రాను, మీరు వెళ్లి రండమ్మా" అన్నారు. ఆ గేటు సంగతి ఆ పిల్లకు తెలియదు. "అక్కడ మీ కుర్చీ వెళ్తుంది, నేను కనుక్కున్నాను" అంది. ఆ ఒక్క మాట మీదే ఆయన బయల్దేరారు.

బ్రాడ్‌గేట్ లెస్టర్‌కు దగ్గర్లోనే ఉంది. 830 ఎకరాల నేల, మధ్యలో లిన్ అనే చిన్న వాగు, ఒక చివర రిజర్వాయరు, వందల జింకలు. ఇలాంటి చోటును వాళ్లు కంట్రీ పార్క్ అంటారు. అంటే మన మున్సిపల్ పార్కులా పూలమడులు, ఫౌంటెన్లు ఉండవు. అడవిని అడవిలాగే ఉంచి, ఊరి జనం ఒక పూట గడిపి వచ్చేలా వీలు కల్పిస్తారు. న్యూటౌన్ లిన్‌ఫోర్డ్ అనే పల్లె వైపు నుంచి వెళ్లాం. కారు పెట్టడానికి డబ్బు కట్టాలి, లోపలికి టికెట్ లేదు. లోపలికి వెళ్లే ముందే మరుగుదొడ్లు కనిపించాయి. తాళం లేదు. కుర్చీలో వచ్చేవాళ్లకు వేరే గది, గోడకు పట్టుకునే కమ్మీలు, కుర్చీ తిరిగేంత చోటు. మా అబ్బాయి తండ్రిని తీసుకెళ్లి వచ్చాడు. ఆ పని అంత తేలిగ్గా అయిపోయేసరికి నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఇంట్లో ఇలాంటి మనిషి ఉన్నవాళ్లకు నా మాట అర్థమవుతుంది.

అక్కడి నుంచి వాగు పక్కగా తారు రోడ్డు. పెద్దగా ఎత్తుపల్లాలు లేవు. మావారు కుర్చీలోంచి వంగి రోడ్డు అంచులు చూస్తూ, "వాన నీళ్లు నిలవకుండా వేశారు, గుంత లేదు" అంటూ వచ్చారు. రోడ్డు బాగోగులు ఆయన కళ్లకు తప్పవు. అక్కడక్కడా బెంచీలు ఉన్నాయి. నాకూ మోకాళ్ల నొప్పులు కదా, బెంచీ కనిపించినప్పుడల్లా కూర్చున్నాను. దారిలో పాత ఎర్ర ఇటుకల భవనం శిథిలాలు వస్తాయి. లేడీ జేన్ గ్రే పెరిగిన ఇల్లు అది. 1553లో తొమ్మిది రోజులు ఇంగ్లండు రాణిగా ఉండి, మరుసటి ఏడాది తల పోగొట్టుకున్న పదహారు, పదిహేడేళ్ల పిల్ల. నేను సాంఘికశాస్త్రం చెప్పినదాన్ని కదా, ఆ గోడల దగ్గర చాలాసేపు నిలబడిపోయాను. ఇంకొంచెం పైకి వెళ్తే పాత కొట్టంలో టీ కొట్టు ఉంది. అక్కడా మరుగుదొడ్లు ఉన్నాయి. నేను రెండు కప్పులు టీ తాగాను, భయపడకుండా.

అన్నిచోట్లకూ కుర్చీ వెళ్లిందని చెప్పను. ఓల్డ్ జాన్ అనే గుట్ట ఉంది, 212 మీటర్ల ఎత్తు. దాని మీద 1784లో కట్టిన బురుజు పిడి ఉన్న లోటాలా కనిపిస్తుంది. దానికి గడ్డి, రాళ్ల దారే. నేనూ మనవడూ ఎక్కాం, ఆయన కింద బెంచీ దగ్గర ఉన్నారు. అందులో బాధేమీ లేదు. ఏ దారిలో వెళ్లగలమో, ఏ దారిలో వెళ్లలేమో ముందే తెలిసి వెళ్లాం. అక్టోబరులో మళ్లీ వెళ్లినప్పుడు మగ జింకలు జతకట్టే కాలం. గొంతెత్తి అరుస్తుంటే లోయంతా మోగింది. వాటి దగ్గరికి పోకూడదని పిల్లలకు కూడా తెలుసు. మావారు ఆ అరుపులు వింటూ గంటసేపు కదల్లేదు. వెళ్దామా అంటే "ఉండు" అన్నారు. ఈ జబ్బు వచ్చాక ఆయన నోట "ఉండు" అన్న మాట వినడం అదే మొదటిసారి.

ఇదంతా డబ్బున్న దేశం కాబట్టి అంటారు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. ఆ నేలను 1928లో చార్లెస్ బెనియన్ అనే ఆయన కొని లెస్టర్‌షైర్ ప్రజలకు ఇచ్చారు. బూట్లు తయారుచేసే యంత్రాల వ్యాపారి ఆయన. ఇలాంటి దాతలు మనకూ కొత్త కాదు, చెరువులు తవ్వించినవాళ్లు, సత్రాలు కట్టించినవాళ్లు ప్రతి జిల్లాలో ఉన్నారు. నాకు ఎక్కువ నచ్చింది వాళ్ల చట్టం. కంట్రీ పార్కుల కోసం 1968లో అక్కడ ఒక చట్టం చేశారు. అలాంటి పార్కులో ఏమేం ఏర్పాటు చేయవచ్చో చెబుతూ భోజనం, ఫలహారాలు, బళ్లు పెట్టుకునే చోటు, తలదాచుకునే నీడ, మరుగుదొడ్లు అని అందులోనే రాశారు. పార్లమెంటులో కూర్చున్నవాళ్లు మరుగుదొడ్డి అన్న మాట రాయడానికి మొహమాటపడలేదు.

మనకు చట్టం లేదా? 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఉంది. ప్రజలు వాడే భవనాల్లోకి వాళ్లూ వెళ్లగలిగేలా ఉండాలని అది చెబుతుంది. ఆ భవనాల జాబితాలో విశ్రాంతికి, వినోదానికి వాడేవి కూడా ఉన్నాయి. ఈ విషయంలో నిబంధనలు ఐచ్ఛికంగా ఉంటే సరిపోదు, తప్పనిసరి చేయాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ర్యాంపు ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలని మన దేశ ప్రమాణాల్లోనే ఉంది. 2020 నుంచి కేంద్రం నగరవనాల పథకం కింద పట్టణాల దగ్గర అడవులు పెంచుతోంది. మొక్కలు నాటిన రోజు ఫొటోలు మీ పత్రికలోనే చూస్తుంటాం. నాటినవాళ్లకు చేతులెత్తి దండం పెడతాను. ఆ నీడలోకి ముసలివాళ్లూ, పసిపిల్లల తల్లులూ, మావారిలాంటివాళ్లూ రాగలగాలి.

నేను అడిగేవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. గేటు నుంచి మొదటి అరకిలోమీటరైనా గట్టి దారి వేయండి, మొత్తం అడవికి అక్కర్లేదు. వంద అడుగులకో సిమెంటు బెంచీ, వీపు ఆనించుకునేది. కొత్త మరుగుదొడ్లు కట్టే ముందు, ఉన్నవాటికి నీళ్ల కనెక్షన్ ఇచ్చి, శుభ్రం చేసే మనిషికి నెలనెలా జీతం ఇవ్వండి. ఆ జీతానికి పార్కింగ్ డబ్బులు వాడితే ఎవరూ కాదనరు. మన దగ్గర కట్టేటప్పుడు కనిపించే శ్రద్ధ కట్టాక కనిపించదు. ప్రారంభోత్సవం తర్వాత ఆరు నెలలకు పంపులు ఎండిపోతాయి. అందుకే జీతం సంగతి ముందు చెప్పాను. ఇంకొకటి, గేటు దగ్గర ఒక బోర్డు పెట్టండి. కుర్చీ ఎంతవరకు వెళ్తుందో, మరుగుదొడ్డి ఎంత దూరమో రాయండి. దూరం తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది.

మీ విలేకరులు జిల్లాల్లోని ఇలాంటి పార్కులకు ఒక ఆదివారం వెళ్లి, ఎక్కడ మరుగుదొడ్లకు తాళాలు ఉన్నాయో, ఎక్కడ కుర్చీ లోపలికి వెళ్తుందో కార్తీకం మొదలయ్యేలోగా రాస్తే మాలాంటివాళ్లకు మేలు చేసినవారవుతారు.

మా ఊరి పార్కు అధికారులు ఇది చదివితే, మిగతావి నెమ్మదిగా చేసినా పర్వాలేదు. ఈ కార్తీకం ఆదివారాల్లో ఆ పెద్ద గేటు తాళంచెవి కాపలా అబ్బాయి దగ్గర ఉంచండి. ఉంచారని తెలిస్తే గ్రూపులో నా జవాబు రాస్తాను, మావారికీ చెబుతాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఉపాధ్యాయురాలు
(పేరు, ఊరు ప్రచురించవద్దని మనవి)