మెడ ఎమ్మారైలో కనబడనిది

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను ఎమ్మారై టెక్నీషియన్‌ని. మెడ స్కాన్ రిపోర్టులో సీ5-సీ6 (మెడలోని ఐదో, ఆరో వెన్నుపూసలు) దగ్గర వెన్నుపాము నొక్కుకుపోయిందని రాస్తే చాలు, ఇంటిల్లిపాదికీ టెన్షన్. కానీ ఫిల్ములో ఒకేలా కనబడే ఇద్దరిలో ఒకాయన హాయిగా నడుచుకుంటూ పోతాడు, ఇంకొకాయన చొక్కా గుండీ పెట్టుకోలేడు, కాలి చెప్పు జారిపోయినా ఆయనకు తెలియదు. మామూలు ఎమ్మారై ప్రధానంగా ఒంట్లోని నీరు, కొవ్వు ఇచ్చే సిగ్నల్‌తో ఆకారం చూపిస్తుంది, లోపలి కణాల సంగతి దానికి పెద్దగా పట్టదు.

ఆ సంగతి కొంత చెప్పేది ఎమ్మార్ స్పెక్ట్రోస్కోపీ. అదే మిషన్‌లో, సూది గుచ్చకుండా, ఎన్‌ఏఏ (ఎన్-అసిటైల్ ఆస్పార్టేట్), కోలిన్, క్రియాటిన్, లాక్టేట్ వంటి రసాయనాలు కణాల్లో ఎంతెంత ఉన్నాయో అంచనా కడతారు. ఎన్‌ఏఏ ముఖ్యంగా నరాల కణాల్లోనే ఉంటుంది, అది పడిపోయిందంటే ఆ కణాలకు ఏదో అవుతున్నట్టే. మెదడులో గడ్డలకు దీన్ని ఎప్పటినుంచో వాడుతున్నారు. వెన్నుపాము దగ్గరికొచ్చేసరికే తంటా అంతా: మెడలో దాని మందం సెంటీమీటరుకు అటూ ఇటూ, చుట్టూ ఎముక, ముందువైపు గాలితో నిండిన గొంతు, పైగా గుండె కొట్టుకున్నప్పుడల్లా కాస్త కదులుతుంది. నిమిషాల తరబడి సిగ్నల్ పోగేస్తుంటే మధ్యలో పేషెంట్ రెండుసార్లు గుటక వేశాడా, మళ్లీ మొదటికి! మెడ అరుగుదలతో వెన్నుపాము నలిగినవాళ్లలో, మల్టిపుల్ స్క్లెరోసిస్ (నరాల పైపొర దెబ్బతినే జబ్బు) ఉన్నవాళ్లలో ఎన్‌ఏఏ తగ్గడాన్ని విదేశీ పరిశోధకులు చూపించారు గానీ, రోజువారీ వైద్యంలోకి ఇది ఇంకా రాలేదు.

మరి ఈ పరిశోధన మన దగ్గర ఎందుకు జరగాలంటే, తాగేనీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఫ్లోరోసిస్ కోసం. 1937లోనే అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో ఈ జబ్బు గురించి డాక్టర్లు రాశారు, నల్గొండ సంగతి చెప్పనక్కర్లేదు. ఎముకలు పెరిగి, ఎముకల్ని కలిపి పట్టుకునే లిగమెంట్లు ఎముకలా గట్టిపడి వెన్నుపామును నొక్కేస్తాయి. ఇప్పుడు నల్లా నీళ్లు వచ్చాయి, సంతోషమే, అప్పటికే వంగిపోయిన వెన్ను మాత్రం నిటారు కాదు కదా. ఆపరేషన్ చేస్తే ఎవరి కాళ్లకు మళ్లీ బలం వస్తుందో ముందే కాస్తయినా తెలిస్తే ఆ కుటుంబాలకు ఎంత మేలు! హైదరాబాద్‌లో 3 టెస్లా మిషన్లు, అంటే బలమైన అయస్కాంతం ఉన్న ఎమ్మారైలు, ఉన్నాయి. నిమ్స్, నల్గొండ మెడికల్ కాలేజీ కలిసి చిన్న స్టడీ అయినా మొదలుపెట్టాలి. వంగిన వెన్నుతో అంతసేపు వెల్లకిలా పడుకోవడం వాళ్లకు నరకం, కాబట్టి దిండ్లు ఎలా పెట్టాలి, స్కాన్ టైమ్ ఎంత తగ్గించాలి అన్న దగ్గర్నుంచే పని మొదలవ్వాలి, అందులో మాలాంటి టెక్నీషియన్లను కూడా కూర్చోబెట్టుకోవాలి.

ఈలోగా ఎవరైనా ఈ స్పెక్ట్రోస్కోపీని వెన్నునొప్పి ప్యాకేజీలో కలిపి అదనంగా డబ్బులు అడిగితే, పాఠకులు దయచేసి కట్టకండి.

— ఒక ఎమ్మారై టెక్నీషియన్, మిర్యాలగూడ