బందరు, పెడన ప్రయాణం గురించి

తల్లిదండ్రులకు నమస్కారం.

వచ్చే నెలలో తొమ్మిదో తరగతి పిల్లల్ని మచిలీపట్నం తీసుకెళ్తున్నాం. బందరులో బీచ్, లడ్డూ తప్ప చూడ్డానికి ఏముందండీ అని కొందరు అడిగారు, అందుకే ఈసారి దాని గురించే రాస్తున్నాను.

గోల్కొండ సుల్తానుల కాలంలో తూర్పు తీరంలోని పెద్ద రేవుల్లో బందరు ఒకటి. 1605లో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషువాళ్లు వచ్చి ఇక్కడ వర్తక స్థావరాలు పెట్టుకున్నది ముఖ్యంగా మన బట్ట కోసమే, మనవాళ్లు అద్దిన బట్ట పర్షియా దాకా ఓడల్లో వెళ్లేది. ఆ అద్దకం పక్కనే ఉన్న పెడనలో ఇంకా బతికే ఉంది కాబట్టి ఎక్కువ సమయం అక్కడే గడుపుతాం. బట్టని కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఆరేస్తారు. తుప్పు పట్టిన ఇనుముని బెల్లం నీళ్లలో ఊరేసి నలుపు తయారుచేస్తారు. ఎరుపు రావాల్సిన చోట చెక్క అచ్చుతో పటిక అద్ది, తర్వాత రంగునీళ్లలో ఉడకబెడితే పటిక తగిలిన చోటే ఎరుపు పట్టుకుంటుంది! ఇంతకంటే మంచి కెమిస్ట్రీ క్లాసు నేను చెప్పలేను, అందుకే సైన్స్ టీచర్ కూడా వస్తున్నారు.

తర్వాత బందరు కోట. మిగిలినవి పాత కట్టడాలే, కానీ 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన ఉప్పెనలో ఈ ప్రాంతంలో సుమారు 30,000 మంది పోయారన్న సంగతి పిల్లలు ఆ నేల మీద నిలబడి వినాలని నా కోరిక. మీ ఇళ్లల్లో 1977 దివిసీమ ఉప్పెన చూసిన తాతయ్యలు, అమ్మమ్మలు ఉంటే ప్రయాణానికి ముందే పిల్లల్ని దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పమనండి, అది ఏ గైడూ చెప్పలేడు.

టైముంటే ఘంటసాల బౌద్ధ స్తూపం చూపిస్తాం, మంగినపూడి బీచ్‌లో మాత్రం ఎవరినీ నీళ్లలోకి దిగనివ్వం, దయచేసి పిల్లలకి మీరు కూడా గట్టిగా చెప్పండి.

టోపీ, నీళ్ల సీసా, నోట్‌బుక్ చాలు. ఫోన్లు వద్దు. బస్సులో వాంతులయ్యే పిల్లలుంటే, రోజూ వేసుకునే మందులుంటే అనుమతి పత్రం మీద రాసి శుక్రవారంలోగా క్లాస్ టీచర్‌కి పంపండి. డబ్బు ఇబ్బంది ఉన్నవాళ్లు నేరుగా నాతో మాట్లాడండి, ఆ కారణంతో ఏ పిల్లా పిల్లాడూ ఆగిపోకూడదు.

మీ ప్రధానోపాధ్యాయురాలు