నాన్నకి, ఆక్స్‌బర్గ్ హాల్ గోడల గురించి

నాన్నా,

ఇక్కడ అందరం కులాసా. అమ్మ మోకాలి మందు మానకుండా వేసుకుంటోందా?

పిల్లలకి సెలవులని ఇంగ్లండ్‌లోని నార్ఫోక్‌లో ఆక్స్‌బర్గ్ హాల్ అనే పాత దివాణం చూసొచ్చాం. వాళ్ళు కందకంలో బాతుల దగ్గరే ఉండిపోయారు. నేను గోడలు చూస్తూ తిరిగాను. తాపీ మేస్త్రి కూతుర్ని, ఏం చేస్తాను!

1482లో బెడింగ్‌ఫెల్డ్ అనే దొర రాజుగారి అనుమతి తీసుకుని కట్టించాడు. అప్పట్లో ఇంటికి కోటబురుజులు పెట్టాలంటే రాజు ఒప్పుకోవాలిట. ఆ చుట్టుపక్కల మంచి కట్టుడు రాయి దొరకదు, అందుకే అంతా ఇటుకా సున్నమూ. చుట్టూ నీళ్ళు, గోడ నీళ్ళలోంచే లేస్తుంది. సింహద్వారం, దానికి రెండు పక్కలా ఎనిమిది పలకల బురుజులు. చూడ్డానికి కోటే గానీ ఆ కిటికీలు చూస్తే నవ్వొస్తుంది. యుద్ధానికి భయపడేవాడు ఎవడైనా అంతేసి కిటికీలు పెడతాడా? అంతా డాబు!

నువ్వు చూడాల్సింది బురుజులోపలి మెట్లు. సుడి తిరుగుతూ పైకి పోతాయి. నెత్తిమీద కప్పు కూడా ఇటుకే, మెట్లతోపాటే మెలితిరుగుతుంది. పట్టుకోవడానికి గోడలోనే చేతిపట్టు ఉంది. కర్ర కాదు నాన్నా, ఇటుకనే గుండ్రంగా మలిచారు. చెయ్యి ఆనించుకుని ఎక్కాను, వంపు ఎక్కడా తప్పలేదు. పొగగొట్టాలు మాత్రం అప్పటివి కావు, 19వ శతాబ్దంలో పెట్టినవి.

ఆ కుటుంబం క్యాథలిక్కులు. మొదటి ఎలిజబెత్ రాణి కాలంలో ఆ మతం ఫాదరీలు దొరికితే ప్రాణం పోయేదే. అందుకని బురుజులో మరుగుదొడ్డి నేల కింద ఓ ఇరుకు గది కట్టి దాచేవారు. పైన మూత మూస్తే నేలలో కలిసిపోతుంది. అది కట్టిన మేస్త్రి నోరు ఎంత గట్టిదో!

2016లో పైకప్పు కిటికీ ఒకటి కూలిపడితే కప్పంతా విప్పి బాగుచేశారు. చూరులో చెత్త తీస్తుంటే ఓ పనివాడికి 15వ శతాబ్దపు చేతిరాత తోలుకాగితం ముక్క దొరికింది. బంగారు, నీలం అక్షరాలు ఇంకా మెరుస్తూనే ఉన్నాయట. నువ్వైతే తట్టకెత్తి పారబోసేవాడివని అమ్మ అంటుంది, నాకు తెలుసు.

ఫోటోలు తమ్ముడి ఫోన్‌కి పంపాను. ఐదువందల ఏళ్ళు నీళ్ళలో నిలబడ్డ గోడకి పునాది ఎలా వేసుంటారో చూసి చెప్పు. ఆదివారం ఫోన్ చేస్తా.

నీ చిట్టి