వేసవిలో బడి మైదానాలకు తాళాలెందుకు?

సంపాదకులు గారికి,

ఏప్రిల్ చివరి వారంలో బడులు మూసినది మొదలు జూన్‌లో తిరిగి తెరిచేదాకా, దాదాపు ఏడు వారాలపాటు, విజయవాడలో స్థోమత ఉన్నవారి పిల్లలు సమ్మర్ క్యాంపులకో, వచ్చే తరగతి పాఠాలను ముందుగానే చెప్పే బ్రిడ్జి కోర్సులకో వెళుతుండగా, తక్కిన పిల్లలు సెల్‌ఫోన్లతో ఇంటిపట్టునే ఉండిపోతున్నారు. సెలవుల్లో తరగతులు నడపరాదని విద్యాశాఖ ఏటా చెబుతూనే ఉంటుంది. అది ఎంతవరకు అమలవుతున్నదో తల్లిదండ్రులందరికీ తెలిసినదే.

బెజవాడ ఎండ తెలిసినవారెవరూ మిట్టమధ్యాహ్నం పిల్లలను బయటికి పంపమనరు. అయితే ఉదయం ఎనిమిదిన్నర లోపు, సాయంత్రం అయిదు దాటిన తరువాత ఆటలకు అనువైన సమయం ఉన్నా, మా ప్రాంతంలోని ప్రభుత్వ పాఠశాల గేటుకు ఆ వేళల్లోనూ తాళమే కనిపిస్తుంది. ఆడుకునే చోటు లేక కొందరు మగపిల్లలు కాలువలకు, కృష్ణ రేవులకు ఈతకు వెళ్లి ప్రాణాలు పోగొట్టుకున్న వార్తలు ప్రతి వేసవిలోనూ మీ పత్రికలోనే చదువుతున్నాము. ఏదైనా విరిగినా, ఎవరికైనా దెబ్బ తగిలినా బాధ్యత ఎవరిదన్న ప్రధానోపాధ్యాయుల సందేహం న్యాయమైనదే కనుక, సెలవుల వరకు తాళంచెవిని వార్డు సచివాలయానికి అప్పగించి, వ్యాయామ విద్య చదివిన స్థానిక యువకులను, యువతులను గౌరవ వేతనంపై పర్యవేక్షణకు నియమించడం నగరపాలక సంస్థకు మోయలేని భారమేమీ కాదు.

ఆటలకు తెరిచిన ఆ ఆవరణలోనే పుస్తకాలనూ అందుబాటులో ఉంచవచ్చు. గ్రంథాలయాలు ఏటా వేసవి విజ్ఞాన శిబిరాలు నడుపుతున్న మాట నిజమే, అందుకు అభినందించాలి కూడా. కానీ తల్లిదండ్రులు పొద్దున్నే కూలి పనులకు వెళ్లిపోయే కొండ ప్రాంతాల ఇళ్లనుంచి ఎనిమిదేళ్ల పిల్ల ఒంటరిగా ట్రాఫిక్ దాటుకుని గ్రంథాలయానికి ఎలా వెళ్లగలదు? 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది ఈ నగరంలోనే. అయ్యంకి వెంకటరమణయ్య గారి వంటివారు దానికి ప్రాణం పోస్తే, ఆ తరువాత పాతూరి నాగభూషణం గారు గుంటూరు జిల్లాలో పుస్తకాలను పడవకెక్కించి కాలువ వెంట పల్లెలకు చేర్చారు. పాఠకుడు రాలేనిచోటికి పుస్తకమే వెళ్లాలని వారు ఆనాడే గ్రహించారు. ఇంటిపన్నుతో పాటు మనం గ్రంథాలయ పన్ను కూడా కడుతూనే ఉన్నాము కనుక, జిల్లా గ్రంథాలయ సంస్థ ఒక్కొక్క బడి వరండాకు ఒక పెట్టెడు కథల పుస్తకాలు పంపి, పదిహేను రోజులకొకసారి వాటిని మార్చమని కోరడం అత్యాశ కాదు. పోతే నాలుగు పుస్తకాలు పోతాయి, అంతకంటే నష్టమేముంది?

నగరంలోని 64 డివిజన్లలో ఒకేసారి సాధ్యం కాకపోతే, కొండ ప్రాంతాలను ఆనుకుని ఉన్న పాఠశాలలతోనైనా ఈ పని మొదలుపెట్టాలని కోరుతున్నాను. పరీక్షలు ముగియకముందే ఉత్తర్వులు వెలువడాలి. తెరిచి ఉంచే వేళలను, తాళంచెవి ఉన్నవారి వివరాలను గేటుకు అంటించాలి.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, విజయవాడ