పైనాపిల్ కోడికూర కిట్: పండు విడి ప్యాకెట్‌లోనే ఇస్తాం

బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు మన దగ్గర రాత్రి భోజనం కిట్లు తీసుకునే అందరికీ నమస్తే.

"పైనాపిల్ కూడా కలిపే ఇచ్చేయండి, పొద్దున ఫ్రిజ్‌లో పెట్టి రాత్రికి వండుకుంటాం" అని చాలామంది అడుగుతున్నారు. ఆఫీసు నుంచి ఆ ట్రాఫిక్‌లో ఇల్లు చేరాక ఓపిక ఉండదు, మాకు తెలుసు. అయినా కలిపి ఇవ్వం. వండని పైనాపిల్‌లో బ్రొమెలైన్ అనే ఎంజైము మాంసంలోని ప్రొటీన్‌ను విరగ్గొడుతుంది. అరగంట నానితే ముక్క మెత్తబడుతుంది. పొద్దుటి నుంచి రాత్రిదాకా నానితే పైపొర పిండిపిండి అయిపోయి, గరిటె తగలగానే విడిపోతుంది. ఫ్రిజ్ చలికి ఆ పని నెమ్మదిస్తుందే తప్ప ఆగదు. డబ్బా పైనాపిల్‌తో ఈ ఇబ్బంది లేదు, డబ్బాలో పెట్టేటప్పటి వేడికే ఎంజైము పనిచేయడం మానేస్తుంది. కానీ మామూలుగా దొరికే డబ్బాల్లో చక్కెర పాకం ఉంటుంది. పిల్లలు తినే కూరలో అది మాకు ఇష్టం లేదు.

నలుగురికి సరిపడే కిట్‌లో ఎముకతో ఉన్న తొడ ముక్కలు 600 గ్రాములు, పైనాపిల్ 200 గ్రాములు ఉంటాయి. పొద్దున చికెన్‌కు చెంచా ఉప్పు, పసుపు, కారం, అల్లంవెల్లుల్లి, రెండు పెద్ద చెంచాల పెరుగు పట్టించి ఫ్రిజ్‌లో పెట్టండి. పెరుగులో సాయంత్రందాకా ఉన్నా ముక్క చెడదు. రాత్రికి రెండు చెంచాల నూనెలో ఉల్లిపాయలు ఎర్రగా వేయించి, చికెన్ వేసి మూతపెట్టండి. నీళ్లు పోయొద్దు, ముక్కల్లోంచే ఊరుతాయి. మధ్యస్థం మంట మీద ఇరవై నిమిషాలయ్యాక పైనాపిల్ వేసి ఇంకో ఐదు నిమిషాలు ఉంచితే చాలు. మరుగుతున్న కూరలో ఎంజైము ఇక పనిచేయదు.

బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తులో ఉంది, ఇక్కడ నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. మూకుడులో వండేటప్పుడు విజయవాడ లెక్క కంటే మూడు నాలుగు నిమిషాలు ఎక్కువ పట్టొచ్చు. రంగు చూసి ఉడికిందనుకోవద్దు. థర్మామీటరు ఉంటే ముక్క మందంగా ఉన్నచోట 74 డిగ్రీలు చూపాలి. పండు మరీ పుల్లగా ఉంటే చక్కెర వేయకండి. పొడి పెనం మీద రెండు నిమిషాలు కాల్చి వేస్తే తీపి తేలుతుంది.

మటన్ కిట్‌లో వచ్చే పచ్చి బొప్పాయి ముద్దతో ఇంకా జాగ్రత్త. అరకిలో మాంసానికి ఒక పెద్ద చెంచా, ఒక గంట, అంతే. బొప్పాయిలోని పపైన్ గోరువెచ్చటి దశ దాటాక ఇంకా జోరుగా పనిచేస్తుంది, అందుకే సన్నమంట మీద మొదలుపెట్టకండి. పెద్ద మంట మీద వేయించి కుక్కర్‌లో పెట్టండి, మామూలు కంటే రెండు విజిల్స్ తగ్గించండి. ప్యాకెట్ మొత్తం వేస్తే ముక్కలు చిదిగిపోతాయి, కాస్త చేదు కూడా తగులుతుంది.

ఉడికిన పైనాపిల్ రుచికే. విటమిన్ సి కొంత వేడికి పోతుంది. అందుకని ఇకపై ప్రతి కిట్‌లో రెండు జామకాయలు పెడుతున్నాం. 100 గ్రాముల జామలో 200 మిల్లీగ్రాముల పైనే విటమిన్ సి ఉంటుంది. పక్కన పప్పు, ఆకుకూర ఉంటే వాటిలోని ఐరన్ ఒంటికి పట్టడానికి అది సాయపడుతుంది. పచ్చిమాంసం ముట్టక ముందే, వేరే పలక మీద జామ కోసి పెట్టుకోండి.

విడి ప్యాకెట్టు, జామకాయల వల్ల సోమవారం నుంచి కిట్ ధర 20 రూపాయలు పెరుగుతుంది. జామ వద్దనుకునేవాళ్లు ఆర్డర్‌లో రాస్తే పాత ధరకు 5 రూపాయలే కలుపుతాం.