మూడుకు బదులు ఎనిమిది

నాయనా,

మొన్న ఫోన్లో "చదువుకోను పోయినదానివి పాఠాలు చెప్తున్నానంటావేందమ్మా?" అన్నావు. అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను. కావలిలో ఎవరితోనూ మా అమ్మాయి అమెరికాలో లెక్చరర్ అని మాత్రం అనొద్దు. నేను టీచింగ్ అసిస్టెంట్‌ని. పాఠం చెప్పేది ప్రొఫెసర్, ప్రశ్నపత్రం ఇచ్చేదీ ఆయనే. ఆ లెక్కలు చిన్న క్లాసులో పిల్లల చేత చేయించడం, డౌట్లు తీర్చడం, పరీక్షల్లో కాపలా, పేపర్లు దిద్దడం నా పని. స్టూడెంట్ వీసా కాబట్టి సెమిస్టర్ నడిచేటప్పుడు వారానికి 20 గంటలు దాటకూడదు. దానికి ఫీజు మాఫీ, నెలనెలా ఖర్చులకు డబ్బు.

పేపర్లు దిద్దేటప్పుడు నువ్వే గుర్తొస్తావు. ఏప్రిల్ ఎండల్లో టెన్త్ స్పాట్ వాల్యుయేషన్‌కని నెల్లూరుకు రైల్లో పోయొచ్చేవాడివి. రాత్రి కంచం ముందు కూర్చుంటే వేలికి ఎర్ర సిరా ఇంకా ఉండేది. "ఆన్సరు తప్పయితే సున్నా కాదమ్మా, స్టెప్పులకి మార్కులుండాయి" అనేవాడివి. ఇక్కడా అంతే. నువ్వు 'కీ' అనేదాన్ని వీళ్ళు రూబ్రిక్ అంటారు. అందరికీ ఒకే కొలత ఉండాలని ఒక్కో ప్రశ్న ఒక్కరే అన్ని పేపర్లలోనూ దిద్దుతాం.

పోయిన వారం నాకు నాలుగో ప్రశ్న వచ్చింది, పది మార్కులది. ఒక పిల్లాడు ప్రశ్నలోని 3ని 8గా ఎక్కించుకున్నాడు. ఆ 8తోనే పేజీన్నర లెక్క, ఒక్క మెట్టు తప్పకుండా చేసుకుంటూ పోయాడు. రాత్రి పదకొండు దాటింది. ఆన్సరు చూసి 2 వేసి పక్కన పెట్టేశాను. పడుకుంటే నిద్ర పట్టలా. లేచి 2 కొట్టేసి 9 వేశాను. ఇంకెవరన్నా అట్టాగే రాసుంటే వాళ్ళకి అన్యాయం కదా, 46 పేపర్లూ మొదట్నించి తిరగేశాను. ఇంకో ఇద్దరు దొరికారు.

ఒక తల్లి తన బిడ్డ మార్కులు అడుగుతూ మెయిల్ పెట్టింది. నేను చెప్పడానికి లేదు. ఇక్కడ 1974 నుంచి చట్టముంది, కాలేజీలో చేరినాక మార్కులు ఎవరికి చెప్పాలనే హక్కు పిల్లలదే. నా ప్రోగ్రెస్ కార్డు మీద నీ సంతకం గుర్తొచ్చి, ఆమెకి లేదని రాయడానికి చాలాసేపు చెయ్యాడలేదు.

ఒక్క మాట చెప్పు నాయనా. స్టెప్పులేవీ లేకుండా ఆన్సరు ఒక్కటే కరెక్టుగా రాస్తే నువ్వు ఎన్ని వేసేవాడివి? అట్టాంటి పేపరొకటి నా బల్ల మీదే ఉంది. ఆదివారం ఫోన్ చేస్తాను, అమ్మని కూడా ఉండమను.

నీ బిడ్డ