మెరానో కాలువ గట్టు మీద మమ్మల్ని ఆదుకున్నవాళ్ళకు

నిన్న పొద్దున నాన్న చేతికర్ర పక్కన పెట్టి మెట్లు దిగారు. అది కళ్ళారా చూశాకే ఈ పోస్టు రాయడానికి మనసు కుదుటపడింది. మూడు వారాల కిందట ఇటలీలో, ముక్కూమొహం తెలియనివాళ్ళు మాకు చేసిన సాయం గురించి ఇది. వాళ్ళకు తెలుగు రాదు. అయినా తెలుగులోనే రాయమన్నారు నాన్న.

సెప్టెంబరు చివర్లో అమ్మానాన్నలు మ్యూనిక్‌లో నా దగ్గర ఉన్నారు. రైల్లో బ్రెన్నర్ కనుమ దాటి మెరానో వెళ్ళాం. ఆల్ప్స్ కొండల మధ్య, ఆదిజే నది ఒడ్డున ఉన్న ఊరు. సౌత్ టిరోల్ అంటారు ఆ ప్రాంతాన్ని. మొదటి ప్రపంచ యుద్ధం దాకా ఆస్ట్రియాలో ఉండేది కాబట్టి ఇప్పటికీ అక్కడ ఎక్కువమంది ఇంటి భాష జర్మనే. నాకు జర్మన్ వచ్చు గనుక ధైర్యంగా బయల్దేరాను.

మార్లింగ్ దగ్గర మొదలుపెట్టి ఒక కాలువ గట్టు వెంట టెల్ దాకా వెళ్ళడం, అక్కడ నది దాటి ఎదుటి కొండవాలు మీద అల్గుండ్ కాలువ గట్టు పట్టుకుని మెరానో తిరిగి రావడం మా ప్లాన్. ఈ సాగునీటి కాలువల్ని అక్కడ 'వాల్' అంటారు. రెండూ టెల్ దగ్గర ఆదిజే నుంచే నీళ్ళు తీసుకుంటాయి. మార్లింగ్ కాలువ 12 కిలోమీటర్లు, ఆ ప్రాంతంలో అన్నిటికంటే పొడవైనది. 1737లో తవ్వడం మొదలుపెట్టి 1756లో పూర్తిచేశారట. కాలువ వాలు చాలా తక్కువ కాబట్టి గట్టు మీద నడక ఆయాసం లేకుండా సాగుతుంది. ఎక్కుడూ దిగుడూ అంతా కాలువ దగ్గరికి చేరేటప్పుడూ, వదిలేటప్పుడూనే.

నాన్న ఆనందం చెప్పలేను. కింద లోయ నిండా ఆపిల్ తోటలు. తీగల ఆసరాతో వరసలుగా పెంచిన పొట్టి చెట్లు, వడగళ్ళు పడకుండా పైన వలలు, వరసల మధ్య పండ్ల పెట్టెలు. ఇటలీలో పండే ఆపిల్ పంటలో దాదాపు సగం ఈ ప్రాంతానిదే. కొండవాలు మీద ద్రాక్ష. వెర్నాచ్ అనే నల్ల ద్రాక్షను అక్కడ ఎక్కువగా పందిళ్ళ మీదే పాకిస్తారు. "మన మేడ్చల్ పందిళ్ళే గదనే!" అని అమ్మను పిలిచి మరీ చూపించారు. వయసులో ఉన్నప్పుడు ఆయన మేడ్చల్ దగ్గర అనాబ్-ఎ-షాహి ద్రాక్ష తోటల్లో పనిచేశారు.

టెల్ దాటాం. అల్గుండ్ వైపు గట్టు మీద, ప్లార్స్ అనే పల్లె దగ్గర రాతి మెట్టు మీద తడి ఆకులపై కాలు వేసి నాన్న పడిపోయారు. చీలమండ నిమిషాల్లో ఉబ్బింది. కాలు మోపలేకపోయారు. అమ్మ ఏడుపు, నాకు టెన్షన్‌తో చేతులు వణుకు. మంచి పట్టు ఉన్న షూస్ కొనిపెట్టకుండా తీసుకెళ్ళానే అన్న బాధ ఇప్పటికీ ఉంది. 112కి ఫోన్ చేద్దామని తీశాను.

అప్పుడే ఒక పెద్దాయన పార భుజాన వేసుకుని గట్టు మీద వచ్చారు. ఆయన 'వాలర్', అంటే కాలువ చూసుకునే మనిషి. నాన్న పాదం పట్టుకుని మెల్లగా కదిపించి చూశారు. తన మెడలోని గుడ్డను కాలువ నీళ్ళలో ముంచి చీలమండ చుట్టూ కట్టారు. మంచులా ఉన్నాయి ఆ నీళ్ళు. గుడ్డ వెచ్చబడగానే మళ్ళీ ముంచారు, మళ్ళీ కట్టారు. మధ్యలోనే కింద తోటలో ఉన్నవాళ్ళకు ఫోన్ చేశారు.

వాళ్ళు వచ్చేలోగా జరిగింది నేను మర్చిపోలేను. దగ్గర్లో చిన్న గంట ఆగకుండా మోగుతోంది. నీళ్ళు ఒక చిన్న చక్రాన్ని తిప్పుతాయి, ఆ చక్రం సుత్తిని ఎత్తి గంట మీద వేస్తుంది. గంట ఆగిందంటే పైన ఎక్కడో చెత్త అడ్డుపడిందనో, గండి పడిందనో వాలర్‌కు తెలిసిపోతుంది. ఇదంతా నాన్నకు చెప్పాను. ఆయన నొప్పి మర్చిపోయి వింటూ, "మా నాయినకు ఇట్లాంటి గంట ఉంటే రాత్రులు నిద్రపోతుండె" అన్నారు. మా తాత ఊరి నీరటి. చెరువు తూము ఎత్తి, ఏ మడికి ఎంత నీళ్ళో పంచేవాడు. ఆ మాట జర్మన్‌లో చెప్పగానే పెద్దాయన నాన్న వైపు చాలాసేపు చూశారు. పక్కనే పిల్లకాలువ మొగదల ఉన్న చెక్క పలకను చూపించి, ఎత్తమన్నారు. నాన్న కూర్చున్నచోటి నుంచే రెండు చేతులతో ఎత్తారు. నీళ్ళు తోటలోకి దూకాయి.

పాత పద్ధతిలో పొలాలకు నీళ్ళు పారించే ఈ విద్యను 2023లో ఇటలీతో కలిపి ఏడు దేశాల పేరు మీద యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. తర్వాత ఆ సంగతి చెబితే, "మరి మన నీరటి పని?" అని అడిగారు నాన్న. నా దగ్గర జవాబు లేదు.

తోట యజమానురాలు, ఆమె కొడుకు సన్నటి ట్రాక్టరు వేసుకుని వచ్చారు. కోతల రోజులు, ప్రతి గంటా విలువైనదే. అయినా నిండు పెట్టెలు దించేసి, ట్రాలీలో గోనెలు పరిచి నాన్నను పడుకోబెట్టారు. రోడ్డు దగ్గర కారులోకి మార్చి ఆస్పత్రికి తీసుకెళ్ళారు. ఎక్స్‌రేలో విరగలేదని తేలేదాకా ఆవిడ అమ్మ చెయ్యి వదల్లేదు. ఇద్దరికీ ఒక్క భాష కలవదు. డబ్బులివ్వబోతే కోపంగా చూసి, అమ్మ ఒళ్ళో ఆపిల్ సంచి పెట్టారు.

ఆ రాత్రి వాట్సాప్ గ్రూపులో నా మెసేజ్ చూసి వీడియోలో కట్టు ఎలా కట్టాలో చూపించిన ఫిజియోథెరపిస్టు అక్కకూ, మ్యూనిక్ స్టేషన్‌కు వీల్‌చెయిర్ తెచ్చిన తమ్ముడికీ కూడా మా ఇంటిల్లిపాది తరఫున కృతజ్ఞతలు. అక్కా, నువ్వు చెప్పిన వ్యాయామాలు నాన్న రోజూ చేస్తున్నారు.

పెద్దాయనకూ, తోటవాళ్ళకూ జర్మన్‌లో ఉత్తరం రాశాను. గుడ్డ ఉతికి, ఇస్త్రీ చేసి అందులో పెట్టాను. కింద నాన్న తెలుగులో సంతకం చేసి, దాని పక్కన "నీరటి కొడుకు" అని రాశారు. రేపు పోస్టులో వేస్తాను.